పోలీస్ యాక్షన్‌లో పోలీసులెవరు?

మా తాండూరు వైపు పాతకాలం మనుషులని "తాతా, నువ్వెప్పుడు పుట్టినవ్?" అనడిగితే తారీఖు చెప్పేవాళ్ళు తక్కువ. "పోలీస్ యాక్షన్ నాటికి నేను ఇంత ఉన్న" అని చేత్తో ఎత్తు చూపించేవాళ్ళే ఎక్కువ. చిన్నప్పుడు ఆ మాట వింటే ఊళ్ళోకి లాఠీలతో పోలీసులు దిగారేమో అనుకునేవాణ్ణి. అసలు వచ్చినవి టాంకులు! 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున షోలాపూర్ వైపు నుంచి బయల్దేరింది భారత సైన్యం తాలూకు ఫస్ట్ ఆర్మర్డ్ డివిజన్. నాయకుడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. మా ఊరికి ఉత్తరాన ఉన్న జహీరాబాద్ మీదుగా రోడ్డు పట్టుకుని వచ్చారు. 17 సాయంత్రానికి కాల్పుల విరమణ, 18న హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటు. ఆపరేషన్ పోలో అని సైన్యం పెట్టుకున్న పేరు. జనం నోట నిలిచింది మాత్రం "పోలీస్ యాక్షన్".

ప్రతి సెప్టెంబర్ 17కీ అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని మనవాళ్ళు కొట్టుకుంటూనే ఉంటారు. 2022లో కేంద్రం విమోచన దినం అంది, అదే రోజు రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది, 2023 డిసెంబర్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినం అంది. ఈ గొడవలో నాకెప్పుడూ అర్థంకాని సంగతి ఒకటుంది. అందరూ ఆ ఒక్క రోజు గురించే మాట్లాడతారు. మర్నాటి నుంచి 1950 జనవరి 26 దాకా, అంటే పదహారు నెలలు, వికారాబాద్‌లోనో తాండూరులోనో ఒకణ్ణి పోలీసులు పట్టుకుంటే ఏ చట్టం కింద పట్టుకున్నారు? వాడు మొర పెట్టుకోవాలంటే ఎవరికి పెట్టుకోవాలి? ఎవరి రాజ్యంలో ఉన్నాడు వాడు?

ఇది తెలియాలంటే అంతకుముందు సంగతి కొంచెం చూడాలి. మన ప్రాంతంలో చట్టం ఎప్పుడూ ఒక్కటిగా లేదు.

వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు లైను 1874లో పడింది. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి అన్నీ ఈ లైను మీదవే. డబ్బు నిజాంది, భూమి నిజాంది. కానీ రైలు పట్టాలూ స్టేషన్ల హద్దుల్లో న్యాయాధికారం బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది. ప్లాట్‌ఫాం మీద దొంగ దొరికితే ఒక చట్టం, గేటు దాటి బజార్లో పడితే ఇంకో చట్టం. పైగా వికారాబాద్ చుట్టుపక్కల ఉన్నది పైగా జాగీరు (ఆ మాటలో శ్లేష నాది కాదు, చరిత్రది!). 1890లలో హైదరాబాద్ దివాన్‌గా చేసిన వికార్ ఉల్ ఉమ్రా పేరు మీదే ఊరికి వికారాబాద్ అని వచ్చింది. పైగా నవాబులకి వాళ్ళ సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉండేవి. అవతల నిజాం దివానీ గ్రామాల్లో సర్కారు వారి పోలీసు అమీను. వీటన్నిటి కింద ప్రతి ఊళ్ళోనూ వంశపారంపర్యంగా వచ్చే పోలీసు పటేలు. అంటే స్టేషన్లో జేబు కొట్టినవాడు కాస్త కాళ్ళ సత్తువ ఉన్నవాడైతే ఒక పూటలో మూడు రాజ్యాలు దాటి పోవచ్చన్నమాట.

ఈ రైల్వే హద్దుల గురించి ఒక మంచి కేసుంది. మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజని సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు పట్టుకుని హైదరాబాద్ రాజ్యంలోని రైల్వే హద్దులో అరెస్టు చేశారు. ఆయన లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళాడు. 1897లో ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, నిజాం ఇచ్చిన అధికారం రైల్వే పనుల వరకే, ఎక్కడో సిమ్లాలో జరిగిన వ్యవహారానికి ఇక్కడి పట్టాల మీద మనిషిని పట్టుకోడానికి అది చాలదు, అరెస్టు చెల్లదు అని. బ్రిటిష్ సామ్రాజ్యం మంచి ఊపులో ఉన్న రోజుల్లో, వాళ్ళ సొంత కోర్టే "ఈ రైలు పట్టాల పక్కన ఇంకొకడి సార్వభౌమాధికారం ఉంది, హద్దు దాటకండి" అని చెప్పింది. ఈ కేసుని గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ళ తర్వాత ఇదే రాజ్యంలో ఇదే ప్రశ్న వేరే మనుషుల మెడ మీదకి వచ్చింది.

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు, బ్రిటిష్ వాళ్ళు పోతే తాను స్వతంత్ర ప్రభువునని. నవంబర్ 29న భారతదేశంతో ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది గడవలేదు. ఈలోగా కాశిం రజ్వీ రజాకార్లు రాజ్యం మీద పడ్డారు. పోలీసు అమీను పక్కన తుపాకీ పట్టుకున్న రజాకారు నిలబడితే, అందులో ఎవరు ప్రభుత్వమో ఎవరు గూండానో ఊరివాళ్ళకి ఎలా తెలుస్తుంది? 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జనాన్ని నిలబెట్టి కాల్చింది ఈ కలగలుపు బలగమే. సైన్యం వచ్చినప్పుడు జనం ఊపిరి పీల్చుకున్నారంటే ఆ ఊపిరి అబద్ధం కాదు. అది ఒప్పుకోకుండా మిగతాది మాట్లాడటం నాకు నచ్చదు.

సరే, "పోలీస్ యాక్షన్" అన్న పేరుకి వద్దాం. ఆ పేరులో ఒక లాయరు బుర్ర ఉంది. ఆగస్టు 21నే హైదరాబాద్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 16న, అంటే టాంకులు ఇంకా దారిలో ఉండగా, పారిస్‌లో మండలి కూర్చుని ఎనిమిది ఓట్లతో దాన్ని అజెండాలోకి తీసుకుంది. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా ఓటెయ్యలేదు. భారత్ తరఫున రామస్వామి మొదలియార్ వాదన ఏంటంటే, హైదరాబాద్ అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఒక దేశమే కాదు, కాబట్టి మీ దగ్గరికొచ్చే అర్హతే దానికి లేదు అని. రెండు దేశాల మధ్య అయితే యుద్ధం. ఇంట్లో అయితే పోలీసుల పని. యుద్ధమైతే 1907 నాటి హేగ్ నిబంధనలు వస్తాయి. ఆక్రమించిన సైన్యం స్థానిక చట్టాలని, ప్రజల ప్రాణాల్ని, ఆస్తుల్ని గౌరవించాలి, శాంతిభద్రతలు చూడాలి అని అవి చెబుతాయి. పోలీసుల పనైతే ఆ పుస్తకం తెరవక్కర్లేదు. కొద్ది రోజులకే నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి కొట్టాడు. మండలి జాబితాలో మాత్రం "హైదరాబాద్ ప్రశ్న" దశాబ్దాల పాటు అలాగే పడి ఉంది. ఎవరూ మూసెయ్యని బగ్ టికెట్టులాగా :)

ఇప్పుడు అసలు కథ. ఇంట్లో పనే అయితే భారత చట్టం వచ్చెయ్యాలి కదా? రాలేదు! నిజాంని తీసెయ్యలేదు. సెప్టెంబర్ 19న నిజాం చేతే ఒక ఫర్మానా ఇప్పించారు, రాజ్య పరిపాలన అధికారమంతా మిలిటరీ గవర్నర్ చౌధురికి అప్పగిస్తున్నానని. అంటే ఓడించిన సేనాపతికి అధికారం ఇచ్చింది ఓడిపోయిన రాజు. జపాన్‌లో 1945 తర్వాత మెకార్థర్ చక్రవర్తిని గద్దె మీద ఉంచి పని చేయించుకున్నాడే, కొంచెం అలాంటిది. 2003లో ఇరాక్‌లో అమెరికా వాళ్ళు దీనికి తలకిందులుగా పాత సైన్యాన్ని, పాత వ్యవస్థని ఒక్క సంతకంతో రద్దు చేసి చేతులు కాల్చుకున్నారు. ఆ రకంగా చూస్తే చౌధురి, ఆయన ముఖ్య పౌర పాలనాధికారి బాఖ్లే తెలివైనవాళ్ళే. పాత యంత్రం ఆపకుండా డ్రైవర్ని మార్చారు. తహసీలు కచేరీ అదే, హాలీ సిక్కా అదే, పోలీసు పటేలు అదే. (ఆ పటేళ్ళని తీసెయ్యడానికి 1984లో ఎన్టీఆర్ రావాల్సొచ్చింది.) పై ఉద్యోగాల్లోకి, పోలీసుల్లోకి మాత్రం మద్రాసు, బొంబాయి వైపుల నుంచి మనుషులొచ్చారు.

మిలిటరీ గవర్నర్ చేసిన చట్టాలని రెగ్యులేషన్లు అంటారు. వాటి నంబర్లు చూస్తే నవ్వొస్తుంది. 1358 ఫస్లీ, 1359 ఫస్లీ... ఫస్లీ అంటే మొఘలుల నాటి పంట లెక్క, 590 కలిపితే మన ఏడాది వస్తుంది. స్వతంత్ర భారత సైన్యాధికారి, అక్బరు కాలెండరు మీద, నిజాం పేరు చెప్పి చట్టాలు చేస్తున్నాడు!

అందులో ఒక లొసుగుంది. ఫర్మానాలో ఉన్నది పరిపాలన అధికారం. శాసనాలు చేసే అధికారం అందులో ఉందా? ఈ అనుమానం ఎవరికో వచ్చే ఉంటుంది. 1949 ఆగస్టు 7న నిజాం చేత ఇంకో ఫర్మానా వచ్చింది. మేము ఇచ్చిన పరిపాలన అధికారంలో చట్టాలు చేసే అధికారం ఉంది, మొదటి నుంచీ ఉండేది అని దాని సారాంశం. పదకొండు నెలల తర్వాత పాత తేదీతో కోడ్ చెకిన్ చేసినట్టు. మన ఆఫీసుల్లో ఎవరైనా ఇలా చేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. ఇక్కడ ఊరుకున్నారు. ఎందుకంటే ఆడిట్ చేసేవాడే లేడు.

లేకపోతే ఏమవుతుందో ఆ తొలి వారాల్లోనే కనబడింది. సైన్యం వెళ్ళిన దారి వెంట ముస్లింల మీద హత్యాకాండ జరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్ చివర నుంచి డిసెంబర్ దాకా తిరిగి, చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారని అంచనా వేసింది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నాయని చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మనలో చాలామందికి తెలియనిదేంటంటే, అప్పట్లో తాండూరు గుల్బర్గా జిల్లాలోనే ఉండేది, పక్కన కొడంగల్‌తో సహా. 1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టం గుల్బర్గా జిల్లాని మైసూరుకి ఇస్తూ ఈ రెండు తాలూకాలని మినహాయించింది కాబట్టే ఇవ్వాళ మనం తెలంగాణ వాళ్ళం.

ఆ నివేదికలో రెండు రకాల సంగతులూ ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలని ప్రోత్సహించారు, తామూ చెయ్యి వేశారు. కొన్నిచోట్ల అధికారులు అడ్డం నిలబడి ముస్లింల ప్రాణాలు కాపాడారు. పటేల్ ఆ నివేదికని ఒప్పుకోలేదు, అది ప్రచురణ కాలేదు. 2013 ప్రాంతంలో గానీ మామూలు జనం చదవడానికి దొరకలేదు. రజాకార్ల మీద కేసులు పెట్టిన ప్రభుత్వం, ఈ నివేదిక మీద కేసులు పెట్టలేదు. యుద్ధం కాదన్నారు కాబట్టి హేగ్ నిబంధనలు లేవు. భారత రాజ్యాంగం ఇంకా పుట్టలేదు. నిజాం హైకోర్టు ఉంది గానీ దాని పైన కూర్చున్నది మిలిటరీ గవర్నర్. భర్త పోయిన ఆడది, ఇల్లు తగలబడినవాడు అర్జీ పట్టుకుని ఏ గడప ఎక్కాలి?

ఇంకో పక్క నల్లగొండ, వరంగల్‌లలో కమ్యూనిస్టుల పోరాటం ఆగలేదు. రజాకార్లతో పోరాడినవాళ్ళు తుపాకులు దించలేదు, సైన్యం వాళ్ళ మీదకి తిరిగింది. రజాకార్లకీ వీళ్ళకీ కలిపి ఒకటే మందు, స్పెషల్ ట్రిబ్యునళ్ళు. 1358 ఫస్లీ ఐదో నంబరు రెగ్యులేషన్. ఏ కేసు మామూలు కోర్టుకి పోవాలో, ఏది ట్రిబ్యునల్‌కి పోవాలో మిలిటరీ గవర్నర్ ఇష్టం. సెషన్స్‌కి పంపేముందు మేజిస్ట్రేటు చూసే దశ ఎత్తేశారు, విచారణ పద్ధతి కుదించారు. 1949లో నల్లగొండ ట్రిబ్యునల్ జనార్దన్ రెడ్డి తదితరులకి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు వాటిని ఖాయం చేసింది డిసెంబర్ 12, 13, 14 తేదీల్లో. రాజ్యాంగం అమల్లోకి రావడానికి ఆరు వారాల ముందు!

సుప్రీంకోర్టు పుట్టగానే వీళ్ళు అక్కడికెళ్ళారు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టరు వచ్చి వాదించాడు. 1950 డిసెంబర్‌లో చీఫ్ జస్టిస్ కనియా తీర్పు చెప్పారు. రాజ్యాంగం ప్రకారం సుప్రీంకోర్టు స్పెషల్ లీవ్ ఇవ్వగలిగేది భారత భూభాగంలోని కోర్టుల తీర్పుల మీద. 1950 జనవరి 26కి ముందు నిజాం రాజ్యం భారత భూభాగం కాదు. కాబట్టి ఆ తీర్పులు భారత భూభాగంలోని కోర్టు ఇచ్చినవి కావు. మేమేం చెయ్యలేం.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కెళ్ళి చూసుకున్నాను. 1948 సెప్టెంబర్‌లో పారిస్‌లో, హైదరాబాద్ వేరే దేశం కాదు కాబట్టి ప్రపంచం అడగకూడదు అన్నారు. 1950 డిసెంబర్‌లో ఢిల్లీలో, అప్పట్లో హైదరాబాద్ భారత్ కాదు కాబట్టి మా కోర్టు అడగకూడదు అన్నారు. "రెండూ వేరు వేరు మాటలయ్యా, భూభాగం అన్నది రాజ్యాంగంలో నిర్వచనం ఉన్న పదం" అని లాయరు మిత్రులు అంటారు. నిజమే, పేజీ మీద రెండింటికీ పొంతన కుదురుతుంది. ఉరికంబం దగ్గర నిలబడ్డ రైతుకి కుదరదు. బయటివాళ్ళకి మనం లోపల, లోపలివాళ్ళకి మనం బయట. యూసుఫుద్దీన్‌కి 1897లో దొరికిన మాట, పరాయి పాలకుల కోర్టు చెప్పిన మాట, వీళ్ళకి సొంత దేశపు కోర్టులో దొరకలేదు.

1951 మార్చిలో హెబియస్ కార్పస్ కూడా పోయింది. లాయరు లేకుండా విచారించారు అన్న వాదన వచ్చినా, అధికారం ఉన్న కోర్టు వేసిన శిక్ష కాబట్టి ఈ దారిలో దాన్ని తిరగదోడలేమన్నారు. వాళ్ళని బతికించింది చట్టం కాదు. దేశంలోనూ విదేశాల్లోనూ లేచిన ఆందోళన. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి.

అవతలి పక్కవాళ్ళ కథ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బీబీనగర్ దోపిడీ కేసులో కాశిం రజ్వీ ఇదే ట్రిబ్యునల్ చెల్లదని 1953లో సుప్రీంకోర్టులో వాదించి ఓడిపోయాడు, శిక్ష అనుభవించి 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. వరంగల్ సుబేదారుగా చేసిన హబీబ్ మహమ్మద్ మీద గూర్తూరు గ్రామంలో 1947 డిసెంబర్‌లో జనాన్ని కాల్పించాడని కేసు. ఆయన కూడా ట్రిబ్యునల్ ఏర్పాటు మీద వాదన ఓడిపోయాడు. కానీ అదే 1953 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సాక్ష్యాలు చూసి విడుదల చేసింది. సంఘటన దగ్గరే ఉన్న పోలీసు అధికారిని ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవనే లేదని తప్పుపట్టింది. గూర్తూరులో చచ్చిపోయినవాళ్ళకి మటుకు న్యాయం ఎక్కడ జరిగింది? హడావిడి చట్టంతో ఇదే చిక్కు. అమాయకుణ్ణి కాపాడదు, దోషిని గట్టిగా పట్టుకోదు.

దీని అర్థం మిలిటరీ గవర్నర్ చేసినదంతా చెడ్డదని కాదు. నా లెక్కలో హైదరాబాద్ చరిత్రలోకెల్లా పెద్ద సంస్కరణ కూడా అదే కలంతో వచ్చింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్. చట్టాలు చేసే అధికారం మొదటి నుంచీ ఉందని నిజాం సంతకం పెట్టిన ఎనిమిది రోజులకి! పైగాల పోలీసులు, పైగాల కోర్టులు, ప్రత్యేక రాజ్యాలు అన్నీ సర్కారులో కలిసిపోయాయి. వికారాబాద్‌లో మొదటిసారి బజారుకీ పక్క ఊరికీ ఒకే పోలీసు అయ్యాడు. ఓటు వేసిన శాసనసభ ఏదీ ఆ పని చెయ్యలేదు, అప్పటికి అలాంటి సభే లేదు. వద్దన్నవాడి ఓటూ లెక్కపెట్టలేదు, కావాలన్నవాడి ఓటూ లెక్కపెట్టలేదు. 1949 డిసెంబర్ 1న మిలిటరీ గవర్నర్ పాలన ముగిసి వెల్లోడి ముఖ్యమంత్రిగా వచ్చాడు, అదీ నిజాం ఫర్మానాతోనే. రాజ్యాంగం వచ్చాక అదే నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యి 1956 దాకా కొనసాగాడు.

ఈ ఫస్లీ చట్టాలు పాతబడిపోయాయి, మనకెందుకు అనుకునే మిత్రులకి ఒక సంగతి. హఫీజ్‌పేటలో ఫ్లాటు చూస్తూ ఉంటే లింకు డాక్యుమెంట్లలో "సి.ఎస్. 14/1958" అని ఎక్కడైనా కనబడుతుందేమో చూసుకోండి. అది ఖుర్షీద్ జా పైగా ఆస్తుల దావా. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ తర్వాత ఏ భూమి సర్కారుది అయ్యింది, ఏది వారసులకి మిగిలింది అన్న తగవు అందులో నుంచి మొదలై, మన ఐటీ కారిడార్ లేచిన తర్వాత కూడా కోర్టుల్లో నడుస్తూ వచ్చింది. లాయరుకి చూపించి గానీ అడ్వాన్సు ఇవ్వకండి.